వేట నేర్పిన ఓర్పు

మా రొద్దము పెన్నానది ఒడ్డున ఉన్న గ్రామము. నది యనగానే రెండు దరులను ఒరసి పారు జలప్రవాహము మీ కన్నులకు గట్టవచ్చును. కాని మా యొద్ద పెన్న సంవత్సరమున పెక్కు మాసములు ఇసుక రూపముననే దర్శనమిచ్చును. ఊరు దాటిన పిమ్మట వేరుసెనగ చేలు, వానికి ఆవల తంగేడు, బలుసు, కలివి పొదలు, వానికి పైన గుండ్లతో నిండిన గుట్టలు. ఆ గుట్టలకు తూర్పున పెనుకొండ దుర్గము కలదు. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులకు అదియే రాజధాని యయ్యెను. దక్షిణముగా పోయినచో హిందూపురము, లేపాక్షి వచ్చును. లేపాక్షి వీరభద్రాలయమునందలి చిత్రములలో కిరాతార్జునీయ ఘట్టము కలదు. అందలి అడవిపందిని చూచిన బాలుడెవ్వడును దానిని మరువజాలడు.

నేను ఈ ప్రాంతపు పాఠశాలలలో 1985 మొదలు 2019 వరకు ముప్పది నాలుగేండ్లు పనిచేసితిని. మొదట తెలుగు పండితుడను, చివర ప్రధానోపాధ్యాయుడను. మన కావ్యములలో వేటకు కొదువ లేదు. మనుచరిత్రమున స్వరోచి వేటాడెను. శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నడు వేటాడెను. భారతమున పాండురాజు జింక రూపమున ఉన్న మునిని కొట్టి శాపము పొందెను. ఏకలవ్యుని విలువిద్య లోకమునకు తెలిసినదియు ఒక వేటకుక్క మూలముననే గదా! ఈ ఘట్టములను చెప్పునప్పుడెల్ల తరగతిలో ఎవడో యొక బాలుడు లేచి, “అయ్యవారూ, మీరెప్పుడైనా వేటకు పోయినారా?” అని అడుగుచుండెడివాడు. నేను సుద్దముక్క తీసికొని నల్లబల్లవైపు తిరిగి, ఏదో యొక సంధి సూత్రము వ్రాసెడివాడను. ముప్పది నాలుగేండ్లు అట్లే తప్పించుకొంటిని. ఈ వ్యాసము ఆ బాలురకు నేను ఈయవలసిన సమాధానము.

అవును, పోయితిని. ఒకే యొక్కసారి పోయితిని. అది 1971వ సంవత్సరము. నాకు అప్పుడు పండ్రెండేండ్లు.

మా మేనమామ మా ప్రాంతమున పేరుపడిన వేటగాడు. ఆయనకు సేద్యము వృత్తి, వేట వ్యసనము. చదువు వ్రాలు మాత్రమే. కాని నేలపై పడిన అడుగులను ఆయన చదివిన రీతిగా నేను పుస్తకమును చదువలేనని నేటికిని నా నమ్మకము. “అల్లుడా, చూడప్పా, కుందేలు అడుగుల్లో ముందర కనపడేవి యెనకకాళ్ళవి” అని ఆయన చెప్పినప్పుడు నేను నవ్వితిని. పిదప ఆలోచించితిని. కుందేలు దుమికినప్పుడు ముందరి కాళ్ళు మొదట నేలను తాకును. వెనుక కాళ్ళు వానిని దాటి వచ్చి ముందు పడును. ఆయన చెప్పినదే నిజము. కుక్క అడుగున గోళ్ళ గుర్తు కనబడుననియు, చిరుత అడుగున కనబడదనియు, అది నడచునప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకొనుననియు ఆయనయే చెప్పెను. ఎలుగుబంటి అడుగు ముందు పొడుగైన గోళ్ళ గీతలు ఉండును. ఆ గీతలు క్రొత్తగా ఉన్నచో ఆ దారిని విడిచి మరలిపోవలెను. ఇది ఆయన పెట్టిన మొదటి పాఠము.

మా మామకు మూడు కుక్కలుండెను. అందు మేలైనది బైరడు. కాలభైరవునికి కుక్క వాహనము గదా, ఆ పేరే పెట్టి, ముద్దుగా బైరడనెడివారు. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడుగు కాళ్ళు, గోధుమవన్నె వెండ్రుకలు. అది ఏ జాతికి చెందినదో మాకు తెలియదు. మన దక్షిణదేశమున వేటకుక్కలకు పేరుపొందిన తావులు కొన్ని కలవు. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతమున పందికోన యను గ్రామము కలదు. ఆ ఊరి కుక్కలు ధైర్యమునకును, కావలికిని పేరెన్నిక గన్నవి. కర్ణాటకమున ముధోలు కుక్కలు, తమిళనాడున రాజపాళయము, చిప్పిపారై కుక్కలు ప్రసిద్ధములు. వేటకుక్కలు రెండు తెరగులు. కొన్ని కంటితో చూచి తరుమును. ముధోలు కుక్క ఇట్టిది. సన్నగా, బాణమువలె ఉండును. మరికొన్ని ముక్కుతో వాసన పట్టి వెదకుచు పోవును. వానికి వేగముకంటె ఓపిక హెచ్చు. మా బైరడు ఈ రెండు పనులను కొంత కొంత చేయగలిగెడిది.

కుక్కను పెంచువారికి మా మామ చెప్పు మాటలు నేటికిని పనికివచ్చును గనుక వానిని ఇచట వ్రాయుచున్నాను. ఏడాది నిండని కుక్కను దూరము పరుగెత్తింపరాదు, ఎముకలు గట్టిపడవు. ఎండవేళ కుక్కను పని చేయింపరాదు. మనకువలె దానికి ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది తన వేడిని తగ్గించుకొనును. ఎండలో పరుగెత్తిన కుక్క నీడకు చేరకమునుపే కూలవచ్చును. ఇల్లు చేరగానే దాని అరికాళ్ళలో పల్లేరుముళ్ళున్నవేమో చూడవలెను. చెవులలో పిడుదులున్నవేమో వెదకవలెను. ఆ పని ముగిసిన పిమ్మటనే తాను కాళ్ళు కడుగుకొనవలెను. మా మామ రాగిసంగటి ముద్దను మజ్జిగలో కలిపి మొదట బైరనికి పెట్టి, తరువాతనే తాను పీటపై కూర్చుండెడివాడు. ఆయన ఎరుగని మాట యొకటి నేను చేర్చెదను. కుక్కకు ఏటేట పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింపవలెను. 1885లో పాశ్చరు పండితుడు కనిపెట్టిన ఆ విద్య ఇన్నేండ్లకును అందని ఇండ్లు మన పల్లెలలో ఉండుట విచారకరము.

అన్నిటికంటె ముఖ్యమైన పాఠము వేరొకటి కలదు. పట్టెడకు కట్టిన తాడును ఎప్పుడు విడువవలెను? “కుక్కను విడిచేది చెయ్యి గాదు అల్లుడా, కన్ను. పొదలో ఉండేది ఏందో నీ కంటికి కనపడాల. కనపడేదాకా చెయ్యి కదలగూడదు” అని ఆయన నాకు పదిమార్లు చెప్పెను. నేను పదిమార్లు తల యూపితిని.

ఉగాది మరునాడు ఊరివారు కలిసి వేటకు పోవుట ఆనాడు మా వైపు వాడుక. ఆ యేడు నన్ను కూడ తీసికొని పొమ్మని వారము దినములు మామను వేడుకొంటిని. తెల్లవారుజామున బయలుదేరితిమి. కొందరు తప్పెటలు పట్టిరి. కొందరు వలలు మోసిరి. గుట్ట క్రిందికి చేరిన పిమ్మట మామ వంగి పిడికెడు దుమ్ము తీసి మెల్లగా విడిచెను. అది ఎటు వాలినదో చూచి, గాలి మాకెదురుగా వచ్చునట్లు అందరిని నిలిపెను. బైరని తాడు నా చేతికిచ్చి, “నేను కేక వేసేదాకా ఈడే ఉండు” అని చెప్పి, తాను పొదల అవతలికి పోయెను.

నేను నిలిచితిని. నాకు కొంచెము దూరమున నా యీడు పిల్లలు నలుగురు నిలిచియుండిరి. వారి చేతులలో కట్టెలు మాత్రమే ఉండెను. నా చేతిలో బైరడుండెను. ఆ గర్వము ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. తప్పెటల మ్రోత దగ్గరకు వచ్చెను. ఎదుట ఉన్న కలివిపొద కదలెను. బైరని చెవులు నిక్కెను. మామ కేక వినబడలేదు. “కుందేలురా, విడువురా” అని పిల్లలలో నొకడు అరచెను. పొదలో ఉన్నదేమో నాకు కనబడలేదు. అయినను వారి కన్నులన్నియు నా పైననే ఉన్నవి. నేను ముడి విప్పితిని.

పొదలో నుండి వచ్చినది కుందేలు కాదు, అడవిపంది. పిల్లలు గల తల్లి. పిల్లలకొరకు అది వెనుకంజ వేయక నిలిచెను. బైరడును వెనుకంజ వేయలేదు. ఆ తరువాత జరిగినదంతయు రెండు క్షణముల పని. మామ పరుగున వచ్చునప్పటికి పంది తన పిల్లలతో గుట్ట వైపు పోయెను. బైరడు ఇసుకలో పడియుండెను. దాని కడుపు చీలియుండెను.

మామ ఎవ్వరిని ఏమియు అనలేదు. తన తలగుడ్డ విప్పి దాని కడుపునకు చుట్టెను. దానిని రెండు చేతులమీద ఎత్తుకొని నాలుగు మైళ్ళు నడచెను. ఎవరైనను చేయి వేయబోయిన వలదని తల ఊపెను. నేను వెనుకనే నడచితిని. దారిలో ఒకచోట ఆయన దానిని నీడన దించి నీళ్ళు పట్టినప్పుడు అది నీళ్ళు త్రాగలేదు. నా చేతిని నాకెను. “తాడు ఎట్లా ఊడె అల్లుడా?” అని మామ అప్పుడడిగెను. “గుంజుకొనింది మామా, చేతిలోనుంచి జారిపాయ” అని చెప్పితిని. ఆయన మరల అడుగలేదు.

ఆ రాత్రియే బైరడు పోయెను. మామ దానిని తన చేని గట్టున పూడ్చెను. ఆనాటి నుండి ఆయన వేటకు పోలేదు. మిగిలిన కుక్కలు రెండును చేనికి కావలి కుక్కలయ్యెను. వలను ఎవరికో ఇచ్చివేసెను. ఊరివారు కారణమడిగినచో, “కాళ్ళు నొస్తాయప్పా” అనెడివాడు. ఆయనకు అప్పటికి నలుబదియేండ్లయినను లేవు.

బాలలారా, ఒక అబద్ధము ఎంత బరువుండునో తూచి చెప్పగల త్రాసు లేదు. అది మొదట తేలికగనే ఉండును. నేను ఏడవ తరగతినుండి ఎనిమిదికి, ఎనిమిదినుండి పదికి పోయితిని. పండిత శిక్షణ ముగించితిని. సత్యమును గూర్చిన పద్యములు కంఠస్థము చేసి మెప్పు పొందితిని. ప్రతి ఉగాదికిని మామ యింటికి పోయి ఆయన పాదములకు నమస్కరించుచుండెడివాడను. ఆయన నా తలపై చేయి ఉంచి, నా ముఖమువైపు ఒక క్షణము చూచి, “బాగుండప్పా” అనెడివాడు. ఆ ఒక్క క్షణము నాకు ఏడాది పొడవున గుర్తుండెడిది.

1985లో నాకు ఉద్యోగము వచ్చెను. మొదటి జీతముతో మామకు ఒక ధోవతి కొని తీసికొని పోయితిని. ఇవ్వబోయి ఇవ్వలేకపోతిని. “మామా, ఆ పొద్దు తాడు జారలేదు. నేనే విప్పితిని” అంటిని. పదునాలుగేండ్ల మాట ఒక్క గుక్కలో బయటపడెను.

ఆయన ధోవతిని చేతిలోనికి తీసికొని అంచు సవరించుచు, “ఆ పూటే తెలుసు అల్లుడా. గుంజుకొనింటే తాడు తెగల్ల, లేకుంటే నీ అరచెయ్యి గీసుకొని పోవల్ల. రెండూ లేదు. ముడి నీటుగా విప్పి ఉండె” అనెను.

“మరి ఇన్నేండ్లు ఎందుకు అడగలేదు మామా?”

“నువ్వే చెప్తావని కాచుకొని ఉంటిని. వేటగానికి కాచుకొనేది రాకపోతే ఇంకేం వస్తాదప్పా?”

వేట యనగా చంపుట యని నేను అంతవరకు భావించితిని. వేట యనగా కాచుకొనుట యని ఆనాడు తెలిసికొంటిని.

ఆ మరుసటి జనవరిలో, అనగా 1986లో, మా జిల్లాలన్నిటను ఒక వింత వార్త వ్యాపించెను. కలివికోడి యను పక్షి కడప జిల్లాలో మరల కనబడినది. కలివిపొదల నడుమ తిరుగునది గనుక దానికాపేరు వచ్చినది. జెర్డను అను వైద్యుడు మన ప్రాంతమున కనుగొనగా, 1848లో శాస్త్రజ్ఞులు దానిని లోకమునకు పరిచయము చేసిరి. 1900లో అనంతపురము చెంత ఒకరు దానిని చూచిరి. ఆ తరువాత ఎనుబదియైదేండ్లు అది ఎవరికిని కనబడలేదు. నశించెననియే పెద్దలు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పగలంతయు వెదకినను దొరకలేదు. అది రాత్రివేళ సంచరించు పక్షి. తుదకు దానిని చూపినవాడు ఐతన్న యను స్థానిక వేటగాడు. నేను ఈ వార్తను చదివి వినిపింపగా మామ ముఖము వికసించెను. “చూస్తివా! పట్టినోడు వేటగాడే గదా!” అని పలుమార్లు చెప్పుకొని మురిసెను. ఆ పక్షి కొరకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. వేటగాని కన్ను చంపుటకే కాదు, కాపాడుటకును పనికివచ్చునని నేను ఎన్ని ఉపన్యాసములిచ్చినను ఇంతకంటె బాగుగ చెప్పజాలను.

ఆ సంఘమునకు పెద్ద దిక్కుగా ఉండిన సలీం అలీ మహాశయుని కథయు ఇట్టిదే. 1896లో జన్మించిన ఆయన బాల్యమున బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని మెడపై పసుపుపచ్చని మచ్చ యుండుట చూచి సందేహము కలిగి, దానిని తీసికొని ఆ సంఘమువారి కార్యాలయమునకు పోయెను. అచటివారు బాలుని కసరలేదు. పక్షుల నమూనాలు గల అరలను ఒక్కొక్కటిగా తెరచి చూపిరి. ఆ దినము నుండి ఆయన జీవితము పక్షులకే అంకితమయ్యెను. కలివికోడి మరల దొరకిన వార్తను విని, మరుసటి యేడు, 1987లో ఆయన కన్నుమూసెను.

కనబడుచున్నది గదా యని చంపుచు పోయినచో ఏమగునో చీతా కథ చెప్పును. చీతాలను పట్టి, మచ్చిక చేసి, వేటకుక్కలవలె కృష్ణజింకలపైకి విడుచుట మన రాజులకు వినోదము. 1947లో నేటి ఛత్తీసుగఢ్ ప్రాంతమునందలి కొరియా సంస్థానపు రాజు ఒక్క రాత్రి మూడు చీతాలను కాల్చెను. మన దేశమున అవియే కడపటివి. 1952లో చీతా ఈ దేశమున లేదని ప్రభుత్వము ప్రకటించెను. డెబ్బదియేండ్ల తరువాత, 2022లో, ఎనిమిది చీతాలను నమీబియా దేశమునుండి విమానములో తెప్పించుకొనవలసి వచ్చెను. గుండు పేల్చుటకు పట్టినది క్షణకాలము. పోయినదానిని తెచ్చుటకు పట్టినది డెబ్బదియేండ్లు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991లో దానిని సవరించి మరింత కఠినము చేసిరి. నేడు ఉగాది యైనను, సంక్రాంతి యైనను, కుందేలును కొట్టుట నేరమే. అడవిపంది చేనిలో పడి వేరుసెనగను త్రవ్వినచో రైతునకు కలుగు బాధ నాకు తెలియును. నేను రైతు బిడ్డనే. అయినను తానే ఉచ్చు పన్నరాదు. కరెంటు తీగ అసలే పెట్టరాదు. ఆ తీగ పందిని గాక పొరుగింటి బిడ్డను బలిగొన్న దుఃఖములు మన పల్లెలకు క్రొత్త కాదు. అటవీశాఖవారికి తెలుపవలెను.

వేట పోయినది. మరి వేటగాని విద్య పోవలెనా? పోనక్కరలేదు. దానికి నేను కనుగొన్న సాధనము దుర్భిణి.

2019లో ఉద్యోగ విరమణ చేసినప్పుడు వచ్చిన ధనములో కొంత వెచ్చించి, రెండు కన్నులతో చూడదగిన దుర్భిణిని కొంటిని. “ఈ వయసులో నీకు ఇదేమి ఆట?” అని ఇంటివారు నవ్విరి. దుర్భిణి మీద 8×42 అని అంకెలుండును. మొదటి అంకె అది వస్తువును ఎన్ని రెట్లు దగ్గరగా చూపునో తెలుపును. రెండవది ముందరి అద్దపు వెడల్పు, మిల్లీమీటర్లలో చెప్పుదురు. ఆ అద్దము ఎంత పెద్దదైన అంత వెలుగు లోపలికి వచ్చును. మొదటి అంకె పెద్దదిగా ఉన్నచో మేలని తలపకుడు. పండ్రెండు రెట్లు చూపునది మన చేతి వణకును సైతము పండ్రెండు రెట్లు చేసి చూపును. పిల్లల చేతికి ఎనిమిది చాలును. పక్షి కనబడగానే దుర్భిణిలో దానిని వెదకరాదు. చూపును పక్షిమీదనే నిలిపి, తల కదల్పక, దుర్భిణిని కన్నుల యొద్దకు తేవలెను. అప్పుడు పక్షి తానే అద్దములో నిలుచును. సూర్యునివైపు మాత్రము ఎన్నడును త్రిప్పరాదు; కన్ను పోవును. గాలి ఎటు వీచుచున్నదో చూచుట, చప్పుడు చేయక నిలుచుట, కనబడు వరకు కదలకుండుట, ఇవన్నియు మా మామ పాఠములే. నేను వానిని అరువదేండ్లకు ఆచరణలో పెట్టితిని.

లేపాక్షికి చేరువన, చిలమత్తూరు మండలమున వీరాపురమను చిన్న గ్రామము కలదు. ఏటేట శీతకాలమున ఎర్రకాళ్ళ కొంగలు వందలకొలది ఆ ఊరికి వచ్చి, ఇండ్ల నడుమ ఉన్న చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని వానకాలమున మరలిపోవును. వానిని పలువురు సైబీరియా కొంగలందురు. అది పొరపాటు. అవి మన దేశపు పక్షులే. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలవలె ఆ గ్రామస్థులు వానిని చూచుకొందురు. కొన్నియేండ్ల క్రిందట మా వీధి పిల్లలను అచటికి తీసికొని పోయితిని. వారిలో జేబునిండ రాళ్ళును, చేతిలో రబ్బరు పటకాయు లేనిదే ఇల్లు కదలని పిల్లవాడొకడుండెను. దుర్భిణిని మొదట వాని చేతికే ఇచ్చితిని. తల్లికొంగ తాను మ్రింగి తెచ్చిన చేపలను గూటిలో కక్కి పిల్లలకు పెట్టుచుండెను. వాడు చాలసేపు చూచెను. వెనుకనున్న పిల్లలు తొందరపెట్టినను ఇవ్వలేదు. తుదకు, “తాతా, దాని కన్ను కనపడతాంది” అనెను. అంతే. తిరిగి వచ్చునప్పుడు వాని జేబులోని రాళ్ళు ఏమయినవో నేను అడుగలేదు. కాచుకొనుట నాకును కొంత అలవడినది.

ఇక వేటగాండ్రు గోడకు తగిలించు గురుతుల మాట. మామ యింటి నడవలో వాకిలిపై ఒక జత కృష్ణజింక కొమ్ములుండెను. మామ తండ్రి కాలమునాటివి. మెలికలు తిరిగి, నల్లగా నిగనిగలాడుచుండెడివి. దుప్పి కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు అట్లు రాలవు. కావున ఆ జత గోడమీదికి ఎక్కినదన్న, ఒక ప్రాణము నేలకు ఒరిగినదనియే అర్థము. నేడు కృష్ణజింక మన ఆంధ్రప్రదేశమునకు రాష్ట్ర జంతువు. ఇట్టివానిని ధ్రువపత్రము లేక ఇంట ఉంచుకొనుటయు, కొనుటయు, అమ్ముటయు చట్టవిరుద్ధము. రాలిన దుప్పికొమ్ము అడవిలో దొరకినను ఇంటికి తెచ్చుకొనరాదు.

మామ 2009లో కాలధర్మము చెందెను. పది సంవత్సరములకు ఇల్లు మరమ్మతు చేయింపవలసి వచ్చినప్పుడు, ఆ కొమ్ములకు మంచి ధర ఇచ్చెదనని ఒక వర్తకుడు వచ్చెను. అత్త అతనిని పంపివేసెను. కాని నేను వానిని అటవీశాఖవారికి అప్పగింతమనగా ఆమె కన్నీరు పెట్టుకొనెను. “అవి పోతే మీ మామ పోయినట్లేనప్పా. ఆ మేకు బోడిగా కనపడితే నేను చూడలేను” అనెను. ఆమెను నేను తొందరపెట్టలేదు. మూడు మాసములు గడచెను. ఒకనాడు ఆమెయే పిలిపించి, కొమ్ములను పాత దుప్పటిలో చుట్టి నా చేతికిచ్చెను. పిమ్మట పెట్టె తెరచి, అడుగున బట్టల క్రింద నుండి ఏదో తీసెను.

అది బైరని పట్టెడ. తోలు ఎండి బిగుసుకొనియుండెను. దానికి కుట్టిన గజ్జెలలో రెండు మాత్రమే మిగిలియుండెను. దానితోపాటు ఆ తాడును ఉండెను. ఒక కొన ముడి విప్పిన రీతిగనే ఉండెను. మామ దానిని మరల కట్టలేదు, పారవేయనులేదు. నలుబది యెనిమిదేండ్లు ఆ పెట్టెలో ఉండెను.

“దీనిని ఆ మేకుకు తగిలించు” అని అత్త చెప్పెను. తగిలించితిని.

కొమ్ములను లిఖితపూర్వకముగా అధికారులకు అప్పగించితిని. పట్టెడ నేటికిని ఆ నడవలో ఉన్నది. ఆ యింటికి పోయిన పిల్లలు అది ఏమని అడుగుదురు. ఇప్పుడు నేను నల్లబల్లవైపు తిరుగను. కథ మొత్తము చెప్పుదును. కథ ముగిసిన పిమ్మట వారికి మరియొక మాట చెప్పుదును. 2008 నుండి మన దేశమున కొన్ని కుక్కలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి అటవీశాఖలకు పంపుచున్నారు. మూటలలో దాచిన పులిచర్మమును, ఎముకలను, ఏనుగుదంతమును అవి వాసనతో పసికట్టి దొంగలను పట్టించును. ముక్కు అదే, విశ్వాసము అదే. తాడు పట్టినవాని బుద్ధి మాత్రమే మారినది.

విద్యార్థులారా, మీలో ఎవరికైనను అడవి పిలుపు వినబడినచో తప్పక పొండు. దుమ్ము విడిచి గాలిని చూడుడు. అడుగులను చదువుడు. ఇంటి కుక్కను మాత్రము వెంట తీసికొని పోకుడు. దాని రోగములు అడవి ప్రాణులకు అంటును. దుర్భిణి ఉన్నచో మేలు. లేకున్నను కన్నులు చాలును. పొద కదలినప్పుడు, ప్రక్కవారు తొందరపెట్టినప్పుడు, మా మామ మాటను తలచుకొనుడు. లోపల ఉన్నదేమో మీ కంటికి కనబడు వరకు చేతిలోని ముడి విప్పకుడు. ఒకవేళ విప్పినచో, ఆ సాయంకాలమే ఇంటికి పోయి చెప్పుడు. పదునాలుగేండ్లు కాచుకొని కూర్చుండు మామ అందరికిని దొరకడు.